కైటోసాన్ పొరలో యాంటీబయాటిక్: గాయపు కట్టును ప్రయోగశాలలో తయారుచేసి పరీక్షించే విధానం

గాయంపై వేసే కట్టులోనే యాంటీబయాటిక్‌ను ఇమిడ్చి, అది గాయం ఉన్న చోటనే కావలసిన మోతాదులో విడుదలయ్యేలా చేయడం ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులు ప్రాజెక్టుకు తరచుగా ఎంచుకునే అంశం. రొయ్య పొట్టు నుంచి వచ్చే కైటోసాన్, సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్, జంతు చర్మం నుంచి వచ్చే కొల్లాజెన్, జెలటిన్ వంటి ప్రకృతిసిద్ధమైన పదార్థాలు ఇందుకు బాగా ఉపయోగపడతాయి. వాటిలో కైటోసాన్ పొరను తీసుకుని, అందులో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్‌ను కలిపి, ఫలితాన్ని నమ్మదగిన రీతిలో పరీక్షించడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇక్కడ తయారయ్యేది పరీక్షల కోసం మాత్రమే ఉద్దేశించిన నమూనా. అది క్రిమిరహితమైనది కాదు, ఏ అధికార సంస్థా ఆమోదించినది కాదు. కనుక దాన్ని మనిషి గాయంపై గాని, పెంపుడు జంతువు గాయంపై గాని ఎంతమాత్రం వాడకూడదు.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయాన్ని గుర్తుంచుకోవాలి. కట్టులో మందు చేర్చినంత మాత్రాన గాయానికి మేలు జరుగుతుందన్న హామీ లేదు. జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ నింపిన కొల్లాజెన్ స్పాంజి చాలాకాలంగా మార్కెట్లో ఉన్న ఉత్పత్తి. పెద్దపేగు శస్త్రచికిత్స చేయించుకున్న 602 మంది రోగులపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2010లో వెలువడినప్పుడు, ఆ స్పాంజి పెట్టినవారిలో 30 శాతం మందికి, పెట్టనివారిలో 20.9 శాతం మందికి కోత దగ్గర ఇన్ఫెక్షన్ సోకినట్లు తేలింది. అంటే మందున్న వైపే ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. అందువల్ల ప్రయోగాన్ని ‘మందు పనిచేసింది’ అని చూపడం కోసం కాకుండా, మందు వల్ల ఎంత ఫలితం వచ్చింది, పదార్థం వల్ల ఎంత వచ్చింది, పొర తయారీలో వాడగా అందులో మిగిలిన ఆమ్లం వల్ల ఎంత వచ్చింది అనే మూడింటినీ విడదీసి చూపేలా రూపొందించాలి. కింద చెప్పే జాగ్రత్తల్లో అధిక భాగం ఈ విడదీత కోసమే.

పదార్థాన్నీ మందునూ జతగా ఎంచుకోవడం

పదార్థాన్ని ఒకచోట, మందును మరొకచోట విడివిడిగా ఎంచుకుని తర్వాత కలపడం వల్లనే సగం ప్రాజెక్టులు దెబ్బతింటాయి. ఉదాహరణకు ఆల్జినేట్‌ను గట్టిపరచడానికి కాల్షియం క్లోరైడ్ వాడతారు. కాల్షియం అయాన్లు ఆల్జినేట్ గొలుసులను ఒకదానితో ఒకటి బంధిస్తాయి. అయితే సిప్రోఫ్లాక్ససిన్ కూడా కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, ఇనుము వంటి లోహ అయాన్లను పట్టుకునే స్వభావం గల మందు. ఈ మాత్రను పాలతోనూ యాంటాసిడ్‌తోనూ వేసుకోవద్దని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే. పైగా మందు కలిపిన ఆల్జినేట్ పొరను కాల్షియం ద్రావణంలో ముంచినప్పుడు, గట్టిపడే లోపే కొంత మందు ఆ ద్రావణంలోకి జారిపోతుంది. ఆ జత అసాధ్యమైనదేమీ కాదు గాని, మొదటిసారి చేసేవారికి లెక్క తప్పే అవకాశం ఎక్కువ. జెలటిన్ పొర శరీర ఉష్ణోగ్రత వద్ద కరిగిపోతుంది కాబట్టి దాన్ని గ్లూటరాల్డిహైడ్‌తో గాని జెనిపిన్‌తో గాని గట్టిపరచక తప్పదు. అమైన్ సమూహం ఉన్న మందు అయితే ఆ రసాయనంతో తానే చర్య జరిపే ప్రమాదం ఉంటుంది.

కైటోసాన్, సిప్రోఫ్లాక్ససిన్ జతలో ఇటువంటి చిక్కులు తక్కువ. కైటోసాన్ పీహెచ్ 6.5 కన్నా తక్కువ ఉన్నప్పుడే, అంటే పలుచని ఆమ్లంలోనే కరుగుతుంది. సిప్రోఫ్లాక్ససిన్ కూడా ఆమ్లంలోనే బాగా కరుగుతుంది. రెండూ ధనావేశం కలిగి ఉంటాయి కాబట్టి ఒకదాన్ని మరొకటి అవక్షేపంగా పడగొట్టదు. దీనికి తోడు కొలవడంలోని సౌలభ్యం ఉంది. జెంటమైసిన్‌కు అతినీలలోహిత కాంతిని గ్రహించే నిర్మాణం లేనందువల్ల దాన్ని నేరుగా స్పెక్ట్రోఫోటోమీటర్‌తో (ద్రావణం ఎంత కాంతిని గ్రహిస్తుందో కొలిచే పరికరంతో) కొలవలేము, వేరే రసాయనంతో చర్య జరిపించాలి లేదా బ్యాక్టీరియాతోనే కొలవాలి. సిప్రోఫ్లాక్ససిన్ 277 నానోమీటర్ల దగ్గర స్పష్టంగా కనబడుతుంది. ఇక్కడ దీన్ని ఎంచుకున్నది ఈ కారణాల వల్లనే గాని, గాయాలకు ఇది ఉత్తమమైన మందు అని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఆచితూచి వాడవలసిన ‘వాచ్’ వర్గంలో ఉంచింది. ఈ సంగతి నివేదికలో తప్పక రాయాలి.

కైటోసాన్‌ను కొనేటప్పుడు డీఎసిటైలేషన్ శాతం (పొట్టులోని కైటిన్ నుంచి ఎసిటైల్ సమూహాలు ఎంతమేర తొలగాయో తెలిపేది), అణుభారం లేదా స్నిగ్ధత, తేమ, బూడిద శాతం తెలిపే పత్రాన్ని అడిగి తీసుకోవాలి. డీఎసిటైలేషన్ 75 నుంచి 85 శాతం ఉన్న సరుకు ఈ పనికి సరిపోతుంది. రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందున్నది కాబట్టి, భీమవరం నుంచో నెల్లూరు నుంచో పొట్టు తెచ్చి కైటోసాన్‌ను స్వయంగా తయారుచేద్దామన్న ఉత్సాహం మన విద్యార్థులకు సహజంగానే కలుగుతుంది. పొట్టులోని ఖనిజాలను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, మాంసకృత్తులను పలుచని క్షారంతో తొలగించి, ఆపైన 40 నుంచి 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేయాలి. అది ప్రమాదకరమైన పని. పైగా ప్రతి విడతకూ నాణ్యత మారుతుంది. అది వేరే ప్రాజెక్టు; దాన్ని ఈ ప్రాజెక్టుతో కలపకపోవడం మంచిది. పొట్టులోని మాంసకృత్తులు కొద్దిగానైనా మిగిలితే రొయ్యలు పడనివారికి అలర్జీ రావచ్చునన్న సందేహం కూడా ఉంటుంది.

మోతాదు లెక్క

చాలా నివేదికల్లో మందును ‘పాలిమర్ బరువులో ఇంత శాతం’ అని మాత్రమే రాస్తారు. గాయానికి శాతాలతో పనిలేదు. ఒక చదరపు సెంటీమీటరు పొరలో ఎంత మందు ఉన్నదన్నదే దానికి ముఖ్యం. ఈ లెక్కను పొర పోయకముందే కాగితం మీద వేసుకోవాలి.

9 సెంటీమీటర్ల వ్యాసం గల పెట్రీ పళ్ళెం వైశాల్యం సుమారు 63.6 చదరపు సెంటీమీటర్లు. అందులో 2 శాతం కైటోసాన్ ద్రావణాన్ని 20 మిల్లీలీటర్లు పోస్తే 400 మిల్లీగ్రాముల కైటోసాన్ ఉంటుంది. పాలిమర్ బరువులో 5 శాతం మందు కలిపితే 20 మిల్లీగ్రాములు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 314 మైక్రోగ్రాములు అవుతుంది. ఆ పొర నుంచి 6 మిల్లీమీటర్ల బిళ్ళను కత్తిరిస్తే దాని వైశాల్యం 0.283 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, ఒక్కొక్క బిళ్ళలో 89 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. ప్రయోగశాలల్లో వాడే ప్రామాణిక సిప్రోఫ్లాక్ససిన్ డిస్క్‌లో ఉండేది 5 మైక్రోగ్రాములే. దాదాపు పద్దెనిమిది రెట్లు ఎక్కువ మందు పెట్టి, బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ప్రామాణిక డిస్క్ కన్నా పెద్దగా వచ్చిందని సంతోషించడంలో అర్థం లేదు. మందును 1 శాతానికి తగ్గిస్తే పళ్ళానికి 4 మిల్లీగ్రాములు, చదరపు సెంటీమీటరుకు 63 మైక్రోగ్రాములు, బిళ్ళకు సుమారు 18 మైక్రోగ్రాములు వస్తాయి. ఈ వ్యాసంలో ఈ మోతాదునే తీసుకుంటున్నాము.

తూకంలో మరో మెలిక ఉంది. సీసాలో ఉండేది సాధారణంగా సిప్రోఫ్లాక్ససిన్ హైడ్రోక్లోరైడ్ మోనోహైడ్రేట్. దాని అణుభారం 385.8, అసలు మందు అణుభారం 331.3. కాబట్టి ఐదు పళ్ళాలకు కలిపి 20 మిల్లీగ్రాముల మందు కావాలంటే లవణాన్ని 23.3 మిల్లీగ్రాములు తూచాలి.

పొర తయారీ

ఐదు పళ్ళాలకు సరిపడే 100 మిల్లీలీటర్ల ద్రావణానికి 2 గ్రాముల కైటోసాన్ కావాలి. 1 శాతం ఎసిటిక్ ఆమ్లం 90 మిల్లీలీటర్లు బీకరులో తీసుకుని, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిప్పుతూ కైటోసాన్ పొడిని కొద్దికొద్దిగా చల్లాలి. ఒక్కసారిగా వేస్తే పైన జిగురు పట్టి లోపల పొడిగానే ఉన్న ఉండలు కడతాయి; అవి మర్నాటికి కూడా కరగవు. గది ఉష్ణోగ్రత వద్ద రాత్రంతా తిప్పిన తర్వాత, కరగకుండా మిగిలిన నలుసులు పోయేలా నాలుగు మడతల మస్లిన్ గుడ్డలో వడకట్టాలి. పొర ఎండిన తర్వాత పెళుసుగా విరగకుండా ఉండేందుకు, పాలిమర్ బరువులో 20 నుంచి 25 శాతం గ్లిజరాల్, అంటే సుమారు అర గ్రాము కలపాలి. అంతకన్నా ఎక్కువైతే పొర జిగటగా మారి పళ్ళానికి అంటుకుపోతుంది.

తూచిన మందును విడిగా 5 మిల్లీలీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, తిరుగుతున్న కైటోసాన్ ద్రావణంలో చుక్కలు చుక్కలుగా కలిపి, మిగిలిన పరిమాణాన్ని 1 శాతం ఎసిటిక్ ఆమ్లంతో 100 మిల్లీలీటర్లకు సరిచేయాలి. ఇక్కడినుంచి బీకరుకూ పళ్ళాలకూ అల్యూమినియం రేకు చుట్టి ఉంచాలి, ఎందుకంటే సిప్రోఫ్లాక్ససిన్ వెలుతురుకు క్షీణిస్తుంది. తిప్పినప్పుడు చేరిన గాలి బుడగలు పోవడానికి ద్రావణాన్ని రెండు మూడు గంటలు కదపకుండా ఉంచాలి, లేదా వాక్యూమ్ డెసికేటర్‌లో పెట్టాలి. బుడగ ఉన్నచోట పొర పలుచబడుతుంది, అక్కడ మందు లెక్క తప్పుతుంది.

ఆ తర్వాత ఒక్కొక్క పళ్ళెంలో 20 మిల్లీలీటర్లు పోయాలి. ఓవెన్ అర మట్టంగా ఉన్నదో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూసుకోవాలి. ద్రావణం లోతు 3 మిల్లీమీటర్లే కాబట్టి, ఒక మూల కొద్దిగా దిగినా పొర ఒకవైపు మందంగా, మరొకవైపు పలుచగా వస్తుంది. 40 డిగ్రీల వద్ద సుమారు ఒక రోజు ఆరనివ్వాలి. తొందరపడి ఉష్ణోగ్రత పెంచితే పైపొర ముందే బిగుసుకుని అడుగున తేమ చిక్కుకుపోతుంది. ఆరేటప్పుడు నీటితో పాటు మందు కూడా పైభాగానికి చేరే వీలున్నందున, పొరను ఒలిచేటప్పుడు గాలివైపు ఏదో, గాజువైపు ఏదో గుర్తుపెట్టుకుని, పరీక్షలన్నింటిలో ఒకే వైపును వాడాలి. ఇదే విధంగా, ఇదే రోజున, మందు మాత్రం కలపకుండా ఇలాగే చేసిన మరో ద్రావణం నుంచి మందు లేని పొరలను కూడా పోసుకోవాలి. అవి లేకుండా తర్వాతి పరీక్షల్లో దేనికీ విలువ ఉండదు.

ఇలా వచ్చిన పొర నిజానికి కైటోసాన్ ఎసిటేట్. అది నీటిలో ఉబ్బి, మెల్లగా కరిగిపోతుంది. అందులో ఆమ్లం కూడా మిగిలి ఉంటుంది. దాన్ని క్షారంలో ముంచి తటస్థపరిస్తే పొర గట్టిపడుతుంది గాని, కలిపిన మందు కడిగిన నీటితో పాటే పోతుంది. దీనికి మార్గం క్రమాన్ని తిరగవేయడం: మందు లేని పొరను 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కొద్దిసేపు ముంచి, కడిగిన నీటి పీహెచ్ 7 దగ్గరికి వచ్చేదాకా స్వేదనజలంతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత మందు ద్రావణంలో నానబెట్టడం. నానబెట్టడానికి ముందూ తర్వాతా ద్రావణంలోని గాఢతలను కొలిస్తే, ఆ తేడాయే పొరలోకి చేరిన మందు. ఈ పద్ధతిలో చేరే మందు తక్కువ, పొరకూ పొరకూ తేడా ఎక్కువ. అయినా ఆమ్లం బెడద ఉండదు. వ్యవధి ఉన్నవారు రెండు రకాలనూ చేసి పోల్చడం మేలు.

పరీక్షలు

మొదట మైక్రోమీటరుతో ఒక్కొక్క పొర మందాన్ని మధ్యలోనూ అంచుల దగ్గరా కొలవాలి. పై లెక్క ప్రకారం పోసిన పొర సుమారు 0.05 నుంచి 0.08 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పళ్ళెంలో వేర్వేరు చోట్ల నుంచి ఒక్కొక్క చదరపు సెంటీమీటరు ముక్కలు కత్తిరించి, ఒక్కొక్కదాన్ని 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి 25 మిల్లీలీటర్లకు సరిచేస్తే, పూర్తి మందు ఉన్నట్లయితే మిల్లీలీటరుకు 2.5 మైక్రోగ్రాములు రావాలి. బ్లాంక్‌గా (పోలికకు సున్నాగా) వాడవలసినది ఉత్త ఆమ్లం కాదు, మందు లేని పొరను అంతే ఆమ్లంలో కరిగించిన ద్రావణం. లేకుంటే కైటోసాన్ వల్ల వచ్చే మసక కూడా మందు లెక్కలోకి వస్తుంది.

గాయం నుంచి కారే రసిని పీల్చుకునే శక్తిని కొలవడానికి ఉత్త నీరు పనికిరాదు. కట్టుల పరీక్షలో వాడే ప్రామాణిక ద్రావణంలో లీటరుకు 8.298 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ ఉంటాయి. తూచిన ముక్కను దాని బరువుకు 40 రెట్ల ద్రావణంలో 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచి, ఒక మూల పట్టుకుని 30 సెకన్లు వేలాడదీసి, మళ్ళీ తూచాలి. తటస్థపరచని పొర ఈ పరీక్షలో చేతికి రాకుండా జావగా మారితే, అది కూడా ఫలితమే. దాన్ని దాచకుండా రాయాలి.

విడుదల పరీక్షకు 2 సెంటీమీటర్ల భుజం గల చదరపు ముక్కను పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్ 50 మిల్లీలీటర్లలో, 37 డిగ్రీల వద్ద, మెల్లగా కదిలిస్తూ, చీకట్లో ఉంచాలి. సిప్రోఫ్లాక్ససిన్ నీటిలో అతి తక్కువగా కరిగేది ఈ పీహెచ్ దగ్గరే కాబట్టి, ద్రావణం మందుతో నిండిపోయి విడుదల ఆగిపోకుండా చూడాలి. మన ముక్కలో 252 మైక్రోగ్రాములే ఉన్నందున, మొత్తం బయటికి వచ్చినా గాఢత మిల్లీలీటరుకు సుమారు 5 మైక్రోగ్రాములే అవుతుంది. ఆ ఇబ్బంది లేదు. 15, 30 నిమిషాలు, 1, 2, 4, 8, 24 గంటల వద్ద 3 మిల్లీలీటర్లు తీసి, అంతే పరిమాణంలో వెచ్చని కొత్త బఫర్ పోయాలి. ఇలా తీసివేసిన మందును తర్వాతి లెక్కల్లో కలుపుతూ రావాలి; ఈ దిద్దుబాటు మరచినవారి రేఖాచిత్రంలో విడుదల చివరికి తగ్గినట్లు కనబడుతుంది.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఇంత పలుచని, నీటిని పీల్చి ఉబ్బే పొర నుంచి ఇంత చిన్న అణువు రోజుల తరబడి నిలకడగా విడుదలవుతుందని ఆశించకూడదు. అధిక భాగం మొదటి కొన్ని గంటల్లోనే బయటపడుతుంది. మొదటి విడత వేగంగా వచ్చి, ఆ తర్వాత సన్నని ధారగా దీర్ఘకాలం సాగితే అది మంచి ఫలితమని అనుకునేవారు ఉన్నారు. బ్యాక్టీరియాను ఆపడానికి కావలసిన కనిష్ఠ గాఢతకు దిగువన మందు ఎక్కువకాలం ఉంటే, మందుకు లొంగని రకాలు పైచేయి సాధించే అవకాశం పెరుగుతుంది. కాబట్టి విడుదల రేఖాచిత్రం మీదనే ఆ కనిష్ఠ గాఢతను కూడా అడ్డగీతగా గీసి చూపితే, పొర ఎంతసేపు నిజంగా పనికివస్తుందో చదివేవారికి తెలుస్తుంది.

బ్యాక్టీరియా పరీక్షకు స్టెఫిలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 25923, సూడోమోనాస్ ఎరుజినోసా ఏటీసీసీ 27853 రకాలను వాడవచ్చు (ఏటీసీసీ అనేది అమెరికాలోని సూక్ష్మజీవుల భాండారం, ఆ అంకెలు దాని జాబితా సంఖ్యలు). వీటికి సమానమైన రకాలు చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండారంలో దొరుకుతాయి. సూక్ష్మజీవశాస్త్రంలో శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో, తగిన భద్రత ఉన్న గదిలోనే ఈ పని చేయాలి. ముల్లర్ హింటన్ అగార్‌ను 4 మిల్లీమీటర్ల లోతున పోసి, 0.5 మెక్‌ఫర్లాండ్ (మసకను బట్టి బ్యాక్టీరియా సంఖ్యను అంచనావేసే ప్రమాణం) మసకకు సరిచేసిన బ్యాక్టీరియా ద్రవాన్ని పావుగంటలోపు స్వాబ్‌తో సమంగా పూసి, బిళ్ళలను పెట్టి, 35 డిగ్రీల వద్ద 16 నుంచి 18 గంటలు ఉంచాలి. ప్రతి పళ్ళెంలో మందు ఉన్న పొరతో పాటు మందు లేని పొర, తటస్థపరచిన మందు లేని పొర, 5 మైక్రోగ్రాముల ప్రామాణిక డిస్క్ ఉండాలి. ప్రామాణిక డిస్క్ చుట్టూ స్టెఫిలోకాకస్ 25923కు 22 నుంచి 30 మిల్లీమీటర్ల వలయం రాకపోతే, ఆ రోజు ఫలితాలన్నింటినీ పక్కన పెట్టాలి.

వలయాలను చదవడంలోనే చాలామంది పొరపడతారు. కైటోసాన్ పెద్ద అణువు కావడం వల్ల అగార్‌లోకి అంతగా వ్యాపించదు. దాని ప్రభావం ఉంటే బిళ్ళ కిందనే కనబడుతుంది. కాబట్టి మందు లేని పొర చుట్టూ స్పష్టమైన వలయం వస్తే, దాన్ని ‘కైటోసాన్ సహజ క్రిమినాశక శక్తి’ అని రాసేముందు మిగిలిన ఎసిటిక్ ఆమ్లాన్ని అనుమానించాలి. తటస్థపరచిన పొర చుట్టూ ఆ వలయం మాయమైతే అనుమానం రుజువైనట్లే. అదేవిధంగా వలయం వ్యాసం మందు మోతాదుతో సమానంగా పెరగదు, దాని లాగరిథంను అనుసరిస్తుంది. మూడున్నర రెట్ల మందు ఉన్న బిళ్ళకు కొద్ది మిల్లీమీటర్ల తేడాయే రావడం సహజం. ఎన్ని రోజులు పనిచేస్తుందో చూడాలంటే అదే బిళ్ళను 24 గంటలకొకసారి కొత్తగా బ్యాక్టీరియా పూసిన పళ్ళెంలోకి మార్చాలి.

కణాలపై హాని ఉన్నదో లేదో ఎల్929 అనే ఎలుక ఫైబ్రోబ్లాస్టులతో (బంధక కణజాలపు కణాలతో) పరీక్షిస్తారు. ఐఎస్ఓ 10993లోని ఐదవ భాగం ప్రకారం సజీవ కణాలు 70 శాతం కన్నా తగ్గితే పదార్థం హానికరమైనదిగా పరిగణించాలి. ఈ పరీక్షకు పొర క్రిమిరహితంగా ఉండాలి. లామినార్ గదిలోని అతినీలలోహిత దీపం కింద పొరను ఉంచడం విద్యార్థులకు అలవాటు. ఈ మందుకు అది తగదు, ఆ కాంతి సిప్రోఫ్లాక్ససిన్‌ను విచ్ఛిన్నం చేస్తుంది. 70 శాతం ఆల్కహాల్ బీజాణువులను చంపదు, పైగా మందును కడిగివేస్తుంది. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పాత్రలో) కైటోసాన్ పొర రంగు మారి పాడవుతుంది. గామా కిరణాల సదుపాయం ఉంటే 25 కిలోగ్రే మోతాదు వాడుక. దానివల్ల కైటోసాన్ గొలుసులు కొంతమేర తెగుతాయి కాబట్టి, కిరణాలకు ముందూ తర్వాతా మందు శాతాన్నీ పొర బలాన్నీ కొలవాలి. జంతువులపై పరీక్షకు సంస్థ జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. మనుషులకు వాడే కట్టుగా మార్చాలంటే 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల పరిధిలోకి వెళ్ళాలి. అది విద్యార్థి ప్రాజెక్టు పరిధి కాదు.

మిగిలిన మందు, పొరలు

బ్యాక్టీరియా పెరిగిన పళ్ళాలను ఆటోక్లేవ్ చేస్తే బ్యాక్టీరియా చస్తుంది గాని, వేడికి తట్టుకునే సిప్రోఫ్లాక్ససిన్ అలాగే మిగిలిపోతుంది. ఈ మందు నీటిలోకి చేరితే ఏమవుతుందో తెలుగువారికి వేరే ఉదాహరణ అక్కరలేదు: హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ప్రయోగశాలలో మిగిలేది దానితో పోలిస్తే స్వల్పమే అయినా, సింకులో పోయడానికి అది కారణం కాకూడదు. మిగిలిన మందు ద్రావణాన్నీ, విడుదల పరీక్షలో వాడిన బఫర్‌నూ, నానబెట్టిన నీటినీ మూత ఉన్న ఒకే డబ్బాలో పోగుచేసి, పేరు, తేదీ, అంచనా పరిమాణం రాసిన చీటీ అంటించాలి. మిగిలిన పొరలనూ, ఆటోక్లేవ్ చేసిన అగార్‌నూ 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలో వేసి, డబ్బాతో పాటు దహనానికి తీసుకువెళ్ళే సంస్థకు అప్పగించాలి.